అవ్వకొండ మీద తొమ్మిది రాళ్ళు

పోయిన నెల వేలూరు నుంచి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చారు. సెలవుల్లో కొండలెక్కి తిరగడం వాళ్ళకు సరదా అట. గుడియాత్తం పక్కనున్న అవ్వకొండ దారిలో ఇనుప పలకలు పాతాలని వాళ్ళ ఆలోచన. ఎటు తిరగాలో బాణం గుర్తు, ఎంత ఎత్తుకు వచ్చామో అంకె, అన్నీ రంగుల్లో రాయిస్తారట. కొండను దుర్భిణి బిగించిన ఇత్తడి యంత్రంతో కొలిచి వచ్చారు. "తాతా, మీ కాలంలో ఈ కొండను మీరే కొలిచినారంట గదా, దేంతో కొలిచినారు?" అని అడిగారు. "చెక్కముక్కతో, దారప్పోగుతో, బోలెడంత పొగరుతో" అన్నాను. నవ్వారు. వాళ్ళ అంకె వాళ్ళు చెప్పారు, నా అంకె నేను చెప్పాను. రెంటికీ పట్టుమని పది అడుగుల తేడా లేదు. "సబాష్ తాతా" అని ఒకడు వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. వాళ్ళు వెళ్ళాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. లెక్క తప్పి సిగ్గుపడిన మేష్టర్లను చాలామందిని చూశాను. లెక్క సరిగ్గా వచ్చినందుకు తల దించుకుని బతికినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నాతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మా ఆవిడకు కూడా. ఇక దాచుకుని ఏం బావుకుంటాను?

మాది గుడియాత్తంలో నేతగాళ్ళ వీధి. తెలుగు మాట్లాడని ఇల్లు ఆ వీధిలో లేదు, తెలుగు అక్షరం తెలిసిన ఇల్లూ లేదు. బజారుకు పోతే అరవం, గడప లోపల తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. పొద్దు పొడిచీ పొడవక ముందే వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా మగ్గానికి ఎక్కించే పడుగు నూలు బారుగా సాగదీసి కట్టేవాళ్ళు. మా నాయన మోకాళ్ళ దాకా పంచె ఎగ్గట్టి, పెద్ద కుంచెతో గంజి పూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, పక్కింట్లో కాగే రాగిసంగటి వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఇప్పుడు నేనుండే ఇంట్లో పొద్దున్నే కాఫీ వాసన తప్ప మరేమీ రాదు. లేచి చాలాసేపటిదాకా ఇంకా తెల్లారలేదేమో అనిపిస్తుంది.

మా వీధిలో ఒక అలవాటు ఉండేది. నేసింది ఎవరూ లెక్కపెట్టరు, నేయాల్సిందే లెక్కపెడతారు. ఒక్కో పంచె నిడివికి పడుగు మీద ఒక రంగు గుర్తు పెట్టి ఉంచేవాళ్ళు. "ఏమప్పా, యాడిదాకా వచ్చినావు?" అని ఎవరైనా పలకరిస్తే మా నాయన "ఇంకా మూడు ఉండాయి" అనేవాడే గాని, "నాలుగు అయినాయి" అని ఒక్కనాడూ అనలేదు. అయినదాన్ని లెక్కపెడితే దిష్టి తగిలి పోగులు తెగుతాయని భయం. పండక్కి రోజులైనా, కుండలో బియ్యమైనా, ముసలివాళ్ళ ఆయుష్షు అయినా మాకు మిగిలిందే లెక్క. అది నాకు తల్లిపాలతో వచ్చింది. లోకమంతా ఇట్లాగే లెక్కపెడుతుందని అనుకునేవాణ్ణి.

అరుగు మీద కూర్చుంటే ఎదురుగా అవ్వకొండ కనిపించేది. మా నాయనమ్మను మేం జేజి అనేవాళ్ళం. జేజి ఆ అరుగు మీదే కూర్చుని పొద్దస్తమానం నూలు కండెలు చుట్టేది, చుట్టనప్పుడు వక్కాకు దంచుకునేది. కానీ ఎప్పుడూ కొండకు వీపు పెట్టి కూర్చునేది. ఎందుకంటే చెప్పేది కాదు. కొండకొన మీద కళ్ళూ ముక్కూ లేని ఒక నిలువురాయి ఉంది. అదే అవ్వ. కార్తిక మాసంలో సోమవారాలు మా వీధి వాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళూ పైకెక్కి దీపం పెట్టి పొద్దువాలక ముందే దిగి వచ్చేవాళ్ళు. ఆ నెలలో మధ్యాహ్నం పూట కొండ మీదికి మంచు దిగుతుంది. దిగిందంటే చాచిన చెయ్యి కనిపించదు. ఏటా ఎవరో ఒకరు దారి తప్పేవాళ్ళు. "అవ్వ ఒంటిది గదా నాయనా, తోడుకి ఒకర్ని ఆపుకుంటాది" అనేది జేజి, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా.

మా చిన్నాయన కూడా అట్లా ఒక సోమవారం ఆగిపోయాడు. రెండు రోజులకు తనే దిగి వచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ తరవాత ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మగ్గం ముందు కూర్చుని నేసేవాడు, పెట్టింది తినేవాడు, అప్పుడప్పుడు చెయ్యి ఆపి ఎవరో పిలిచినట్టు కొండవైపు తల తిప్పేవాడు. ఆ తల తిప్పడం చూస్తే మా పిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచిపోయేది. నేను అప్పుడు వేలూరు బడిలో చదువు ముగించి వచ్చిన కొత్త. మా వీధిలో అంత చదువు చదివిన మొదటివాణ్ణి. అందరూ "అయివారు" అని పిలిచేవాళ్ళు, ఇంకా మీసం కూడా సరిగ్గా రాని వయసులో. కొండ దారికి గుర్తులు పెడతానని వీధి పెద్దల ముందు నేనే లేచి చెప్పాను. చిన్నాయన మీద జాలి ఎంతో, నా చదువు చూపించుకోవాలన్న దురద కూడా అంతే. ఇందులో దాపరికం ఏముంది?

వేలూరులో మా లెక్కల మేష్టరు ఒకాయన త్రికోణమితి చెప్పేవాడు. చెట్టు ఎక్కకుండా చెట్టు ఎత్తు, ఏరు దాటకుండా ఏటి వెడల్పు చెప్పవచ్చునని ఆయన నల్లబల్ల మీద గీసినరోజు నాకు నిద్ర పట్టలేదు. సంగతి చాలా చిన్నది. ఒక చోట నిలబడి, కొండకొన చూడడానికి ఎంత తల ఎత్తాల్సి వచ్చిందో కొలవాలి. తిన్నగా కొండవైపు కొంత దూరం నడిచి, అక్కడ మళ్ళీ ఎంత ఎత్తాలో కొలవాలి. నడిచిన దూరమూ ఆ రెండు కోణాలూ తెలిస్తే కొండ మనకు దాసోహం. అర్ధచంద్రాకారపు పలక ఒకటి పనసచెక్కతో చేయించి, దాని మీద కోణాల భాగాలు గీసి, మధ్య నుంచి సీసపు గుండు కట్టిన దారం వేలాడదీశాను. ఎండాకాలంలో మా ఊరి కౌండిన్య ఏరు ఇసుక తప్ప మరేమీ కాదు, అద్దంలా చదునుగా ఉంటుంది. కొలవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

పలక చేయిస్తుంటేనే జేజి అడిగింది, "దాంతో ఏం చేస్తావురా?" అని. చెప్పాను. చేతిలోని కండె కింద పెట్టింది.

"మనిషిని కొలిచేది రెండే సార్లురా. పుట్టినాక ఉయ్యాలకి, పోయినాక పాడెకి. నడమధ్యలో కొలవకూడదు. కొలిస్తే ఆ రెంటిలో ఏదో ఒకటి కావాలని అడగతాది."

"కొండ మనిషా జేజీ?"

"అవ్వ కాదా?"

"నీ పిచ్చి గాని, కొండను తవ్వి ఎలకను పట్టినోళ్ళు ఉండారు. నేను ఉత్త కొలతే గదా కొలిచేది" అని నవ్వాను. జేజి నవ్వలేదు. మళ్ళీ కొండకు వీపు పెట్టి కండె అందుకుంది.

రాళ్ళు నాటడానికి చెంగప్పను పెట్టారు. వేలూరు దగ్గర బాగాయంలో ఇళ్ళు కట్టే మనుషులు వాళ్ళు, మాలాగే ఇంట్లో తెలుగు. గుడియాత్తంలో ఒక పెద్ద కట్టడం పని ఉందని నాలుగైదు కుటుంబాలు వచ్చి కొండ అడుగున గుడిసెలు వేసుకున్నాయి. చెంగప్పకు ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. ఉలి పట్టుకుంటే రాయి వెన్నలా వినేది. నోరు తిరిగిన మనిషి, నా పలకను చూసి "ఏమి అయివారా, కొండకి జాతకం రాస్తారా?" అని వెక్కిరించేవాడు. అతని తల్లి ఎల్లమ్మ. భర్త పోయాక సున్నం తట్టలు మోసి కొడుకును పెంచింది. చూపు మందగించినా పనికి రావడం మానలేదు. మధ్యాహ్నం నాకు కూడా ఒక ముద్ద సంగటి, గోంగూర పచ్చడి పెట్టేది. "మగ్గాలోళ్ళ బిడ్డవి, ఎండలో కమిలిపోతా ఉండావు నాయనా" అని తన కొంగుతో నా ముఖం తుడిచేది. ఆ కొంగు ఎప్పుడూ సున్నం వాసన వేసేది.

కొండ ఎత్తు తేలాక దాన్ని తొమ్మిది సమభాగాలు చేశాను. ఒక్కో భాగానికి ఒక రాయి. ఏ రాయి ఎక్కడ పడాలో కింద ఇసుకలో నుంచి పలకతో చూసి చెప్పేవాణ్ణి. చెంగప్ప వెదురు గెడకు తెల్లపంచె కట్టుకుని దారి వెంట ఎక్కేవాడు. పంచె నా కోణానికి అందగానే మా నాయన తప్పెట కొట్టేవాడు, చెంగప్ప అక్కడ సున్నంతో గుర్తు వేసేవాడు. రెండో చోట నుంచి చూసి మళ్ళీ సరిచేసేవాణ్ణి. ఏడో రాయి గుర్తు వేసే రోజు నడినెత్తిన ఎండ. ఇసుక మీద గాలి కూడా ఉడుకుతోంది. పలక అంచు మీదుగా చూస్తున్నాను. పైన చెంగప్ప పంచె తెల్లగా కదులుతోంది. దానికి కాస్త వెనకగా, కాస్త పైన, ఇంకో తెలుపు కదులుతోంది. ఇతను ఆగితే అదీ ఆగింది. ఇతను నడిస్తే అదీ నడిచింది. చెంగప్ప దిగి వచ్చాక "నీతో ఎవరప్పా ఎక్కినారు?" అని అడిగాను.

"ఎవురూ లేరే. నేను ఒక్కణ్ణే."

"నీ వెనక తెల్లగా..."

అతను నావైపు చూశాడు. ఎప్పుడూ వెక్కిరించే మనిషి ఆ పూట వెక్కిరించలేదు. ఎండ సెగకు చూపు చెదిరి ఒకటి రెండుగా కనిపిస్తుందని నాకు తెలుసు, బడిలో చదివాను. చదివినా గాని వీపు మీద చెమట చల్లగా జారింది.

గుర్తులు ఎలా ఉండాలన్నది తరవాతి పేచీ. అక్షరాలు చెక్కితే చదివేవాడు లేడు. రంగులు వేస్తే మంచులో కనిపించవు. అందుకని చేత్తో తడిమితే తెలిసేలా ప్రతి రాతి మీదా లోతుగా అడ్డగీతలు చెక్కించాలని నిర్ణయించాను. అడుగు రాతికి తొమ్మిది గీతలు, దానిపై రాతికి ఎనిమిది, అలా తగ్గుతూ కొన దగ్గరి రాతికి ఒకటి. ఇంకా ఎంత ఎక్కాలో అన్ని గీతలు. చెంగప్ప ఉలి పక్కన పెట్టాడు.

"అయివారా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. కట్టేటోళ్ళు ఎవురైనా కింద నించి లెక్కపెడతారు. పునాది మీద ఒకటో వరస, దాని మీద రెండో వరస. కట్టబోయేది మేము లెక్కపెట్టం. పెడితే గోడ నిలవదంటారు."

"ఎక్కే మనిషికి కావాల్సింది ఎంత ఎక్కినాడని కాదప్పా. ఇంకా ఎంత ఉండాదని."

"సరి. దిగేటోళ్ళకి?"

నాకు చప్పున జవాబు తోచలేదు. తోచకపోతే ఒప్పుకోవచ్చు గదా, ఒప్పుకుంటే నేను అయివారిని ఎట్లా అవుతాను? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "మీ గుడిసెలు అయిదు, మా మగ్గాలు రెండు నూర్లు. మా లెక్కే ఉండనీ" అన్నాను. అతను "సరి" అని మళ్ళీ ఒకసారి అని ఉలి ఆనించాడు. చెక్కడం మాత్రం ఎంత శ్రద్ధగా చెక్కాడో. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా గీతలు లెక్కకు వచ్చేవి. గుడిసెలకు పోయే అడ్డదారి కింద నుంచి మూడో రాతి దగ్గర దిగేవాళ్ళకు ఎడమకు చీలుతుంది. ఆ రాతి మీద ఏడు గీతలు. "మా, అది మన లెక్క కాదు, తల్లకిందులు లెక్క. ఏడు తగిలితేనే తిరగాల" అని చెంగప్ప తల్లికి నా ఎదుటే నాలుగుసార్లు చెప్పాడు. "తెలిసిందిలేరా, ఏడు, ఏడు" అంది ఎల్లమ్మ.

కార్తికం వచ్చింది. మొదటి రెండు సోమవారాలూ ఎవరూ తప్పిపోలేదు. ఊళ్ళో నా పేరు మోగిపోయింది. మా నాయన పడుగుకు గంజి పూస్తూ అడక్కపోయినా నా సంగతి చెప్పేవాడు. మూడో సోమవారం గుడిసెల ఆడవాళ్ళు ముగ్గురు కొండెక్కారు, ఎల్లమ్మ వాళ్ళల్లో ఒకతె. దీపం పెట్టాక మిగతా ఇద్దరూ కాసేపు కూర్చుంటామంటే, "మీరు మెల్లిగా రాండి, నేను పోయి పొయ్యి రాజేస్తా" అని ముందు దిగిందట. అప్పుడే మంచు కమ్మింది. వాళ్ళిద్దరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని గుడిసెలు చేరేసరికి పొయ్యి చల్లగా ఉంది, ఎల్లమ్మ లేదు. పొద్దువాలడానికి ఇంకా మూడు గంటలు ఉందనగా చెంగప్ప మా ఇంటి ముందు నిలబడి, "అయివారా, మా అమ్మ రాలేదు" అన్నాడు. అంతే అన్నాడు. పలక, దిక్సూచి, దారి పటం గీసిన నా నోటుపుస్తకం సంచిలో వేసుకుని అతని వెంట పరిగెత్తాను. నా వెనక అరుగు మీద జేజి ఏదో అంది. నేను వినిపించుకోలేదు.

నాలుగు గీతల రాతి దాకా ఎక్కాం. చుట్టూ మంచు. మన ఊపిరి తప్ప ఇంకేం వినిపించదు. చెంగప్ప అరుస్తున్నాడు, "మా! మా!" అని. అప్పుడు వినిపించింది.

"ఒకటీ... రెండూ... మూడూ..."

సన్నటి గొంతు, తొందర లేని గొంతు. మూడు దగ్గర ఆగింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ, "ఒకటీ... రెండూ... మూడూ..."

"అమ్మే! తట్ట మోసేటప్పుడు నొప్పి తెలీకుండా ఇట్లే లెక్కపెడతాది" అన్నాడు చెంగప్ప. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "యాడ ఉండావు మా?" అని అరిచాడు. గొంతు అతనికి బదులు చెప్పలేదు. తన లెక్క తనే చెప్పుకుంటోంది, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు. మంచులో అది ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు.

అప్పుడు నాకు మేష్టరు గీసిన ముక్కోణం తట్టింది. రెండు రాళ్ళ చోటూ నా పటంలో ఉంది. ఒక్కో రాతి దగ్గర ఒక్కరం నిలబడి, గొంతు వచ్చే వైపుకు ఒక కర్ర పెడితే, ఆ రెండు కర్రల దిక్కులూ పటం మీద గీతలుగా గీస్తే, అవి కలిసేచోట మనిషి ఉండాలి. చెంగప్పకు చెప్పాను. అతను ఎగువన మూడు గీతల రాతి దగ్గరికి పోయాడు. గొంతు నాలుగుసార్లు వచ్చేదాకా ఆగి, కళ్ళు మూసుకుని, చెవితో వెతుక్కుని కర్ర పెట్టాను. పైకి వెళ్ళి చూస్తే అతనూ పెట్టి, కదలకుండా గులకరాళ్ళు ఒత్తి ఉంచాడు. దిక్సూచితో రెండు దిక్కులూ చూసుకుని, రాతి మీద పుస్తకం పరిచి గీశాను. గీతలు తిన్నగానే వచ్చాయి. రెండూ కలిశాయి.

అవి కలిసినచోట నేల లేదు. కొండగట్టు అంచు దాటి, దిగేవాళ్ళకు ఎడమవైపు, ముప్ఫై అడుగుల అవతల, ఉత్త ఆకాశంలో కలిశాయి. మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడే. తల ఎత్తి చూస్తే ఆ వైపు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఆ తెలుపులో నుంచే, నేల లేనిచోటి నుంచే, గొంతు వస్తోంది. "ఒకటీ... రెండూ... మూడూ..." వేసవిలో చెంగప్ప వెనక నడిచిన తెలుపు కళ్ళ ముందుకు వచ్చింది. ఉయ్యాల, పాడె, జేజి మాటలు. మా చిన్నాయన ఎవరో పిలిచినట్టు తిప్పే తల. అది ఎల్లమ్మ గొంతు కాదని, ఇంకెవరో ఆమె గొంతుతో మమ్మల్ని అంచు దాకా రమ్మంటున్నారని నాకు నిశ్చయంగా అనిపించింది. అంత చదువూ ఒక్క క్షణంలో గంజి కడిగినట్టు పోయింది.

"యాడ ఉండాది అయివారా?" చెంగప్ప నా పుస్తకంలోకి వంగాడు. నేను పుస్తకం మూసేశాను.

"లెక్క కుదరలేదు చెంగప్పా. కొండల్లో శబ్దం గోడకు కొట్టిన బంతిలా తిరిగి వస్తాది. ఈ పక్క వినిపిస్తా ఉండాదంటే, మనిషి ఆ పక్క ఉండాల."

ఎంత బాగా చెప్పానో చూడండి. భయానికి పంచె కట్టి, పైన కండువా వేసి, శాస్త్రం అని పేరు పెట్టాను. అతను నమ్మాడు. నమ్మడా మరి, కొండనే కొలిచిన అయివారు చెప్తే? ఇద్దరం దానికి ఎదురువైపు తిరిగి పొదలన్నీ వెతుక్కుంటూ పోయాం. కొంత దూరం పోయాక చెంగప్ప ఆగాడు. "గొంతు దూరమైతా ఉండాది అయివారా" అన్నాడు. "మంచు ముదురుతా ఉండాది, అందుకే" అన్నాను. ఇంకా కొంత దూరం పోయాక అది వినిపించడం మానేసింది. నాకు, దేవుడి సాక్షిగా, హాయిగా అనిపించింది.

పొద్దువాలే వేళకు వీధి పెద్దలు మనుషులతో వచ్చి, ఇంకొకరు పడిపోతారని అందరినీ కిందికి దించేశారు. చెంగప్పను నలుగురు పట్టుకుని దించాల్సి వచ్చింది. తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. గొర్రెలు తోలుకుపోయే మనిషి ఒకడు గట్టు అడుగున తుమ్మపొదల మధ్య చూసి కేక వేశాడు. పైనుంచి చూస్తే కత్తితో కోసినట్టు కనిపించే ఆ గట్టు, నిజానికి నిలువుగా లేదు. కిందికి పోయేకొద్దీ ముందుకు జారి, అడుగున అరుగులా ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు మీద ఎల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. విరిగిన కాలికి కొంగు చించి, రెండు పుల్లలు పెట్టి కట్టుకుంది. నోట్లో వక్కాకు ఇంకా తడిగానే ఉంది. గుడిసెల ముసలామె ఒకామె చెయ్యి పెట్టి చూసి, "అయ్యో కడవుళే, దేవుడా, ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండాది. తెల్లారేదాకా బతికే ఉండింది బిడ్డ, ఇప్పుడే పోయినట్టు ఉండాది" అని నేల మీద కూలబడింది.

నేను పుస్తకం తెరిచి చూడలేదు. చూడాల్సిన పనిలేదు. పటంలో చుక్క ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది ఆమె, అడుగు అటూ ఇటూ కాకుండా. కాగితం మీద లోతు ఉండదు. అది చోటు చెప్తుంది గాని, ఆ చోటు ఎంత దిగువన ఉందో చెప్పదు. బడిపిల్లలకు చెప్పే మొదటి పాఠం అది. వేసవంతా కొండ ఎత్తు కొలిచిన మొనగాణ్ణి, ఎత్తు ఉన్నచోట లోతు కూడా ఉంటుందని మరిచిపోయాను. ఆ చుక్క చెంగప్పకు చూపించి ఉంటే, పరంజాల మీద బతికే మనిషి, "కింద ఉండాది!" అని రెప్పపాటులో పట్టేసేవాడు. గట్టు అడుగుకు పోయే గొర్రెల దారిన పోతే పొద్దువాలేలోపు ఆమె దగ్గరికి చేరేవాళ్ళం.

ఎలా తప్పిందో అందరికంటే ముందు చెంగప్పకే అర్థమైంది. పైన మూడు గీతల రాతి దగ్గర కూడా ఎడమకు ఒక మేకల దారి పోతుంది, సరిగ్గా ఆ గట్టు అంచు దాకా. మంచులో ఆమె వేళ్ళకు మూడు గీతలు తగిలాయి. ముప్ఫై ఏళ్ళు వరసలు లెక్కపెట్టిన వేళ్ళు. కొడుకు చెప్పిన ఏడు ఆ వేళ్ళకు ఎక్కలేదు. మూడో వరస, అంటే ఇల్లు దగ్గరికి వచ్చేసింది, ఎడమకు తిరగాలి. పడ్డాక కూడా పాపం ఆమెకు తెలియలేదు. ఒకటి, రెండు, మూడు అని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది, ఎక్కడ తప్పిందో తేల్చుకోవాలని. ఆ కుర్రాళ్ళ ఇత్తడి యంత్రం నా చెక్కపలక కంటే వెయ్యి రెట్లు గొప్పది, నేను కాదనను. కానీ దాన్ని పట్టుకునే మనిషికి అంకె చూసి భయం వేస్తే ఆ యంత్రం ఏం చేస్తుంది? అప్పటికీ ఇప్పటికీ అందులో తేడా ఏమీ కనిపించడం లేదు నాకు.

కర్మలన్నీ అయ్యాక చెంగప్ప ఒక్కడే కొండెక్కి, మూడు రోజులు పైనే ఉండి, ప్రతి రాతికీ ఎగువ వైపు తన లెక్క చెక్కి వచ్చాడు. ఎక్కేవాళ్ళ చేతికి మా గీతలు, దిగేవాళ్ళ చేతికి వాళ్ళ గీతలు. ఎవరూ అతన్ని అడగలేదు. ఆ తరవాత ఇక్కడ పని మానుకుని బాగాయం వెళ్ళిపోతూ, సామాను మూట భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. అతని కళ్ళు చూడలేక అతని మూట వైపు చూస్తున్నాను.

"పోయొస్తా అయివారా" అన్నాడు. "ఆపొద్దు లెక్క కుదరలేదని మీరు కుంగిపోతా ఉండారంట, మీ నాయన చెప్పినాడు. పరవాయిల్లె, మీరేం మనసులో పెట్టుకోవద్దండి. కుదిరింటే చెప్పకుండా ఉంటారా మీరు?"

"ఉంటానా చెంగప్పా" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.